ఎడమకి చూసే పిట్ట

పిట్ట గుర్తు వెండి కొట్టు వారింట్లో రసాయనశాస్త్రం చదువుకున్న మనిషి ఒక్కతే, చిన్నకోడలు. అంత చదువు వృథా పోకూడదని పెళ్ళయిన వారానికే మామగారు ఆమెకి వెండి తోమే పని అప్పజెప్పారు. పదహారేళ్ళ నుంచి ఆ కొట్టులోకి వచ్చే ప్రతి పాత వస్తువూ ఆమె చేతుల మీదుగానే మెరుస్తోంది. పొడి ఎంత వెయ్యాలో, గుడ్డ ఎంత తడపాలో, ఎక్కడ గట్టిగా రుద్దితే నగిషీ అరిగిపోతుందో ఆమెకి తెలిసినట్టు కొట్టులో ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి మాత్రం ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

కింద కొట్టు, వెనక పనిశాల, పైన ఇల్లు. వీధి గుమ్మం మీద పెద్ద బోర్డు, దాని మీద తోక కాస్త పైకెత్తి కుడివైపుకి చూస్తున్న పిట్ట. కొట్టు పెట్టిన పెద్దతాత, అంటే మామగారి నాన్న, స్వయంగా గీసుకున్న బొమ్మ అది. ఎనభై ఏళ్ళుగా ఆ కొట్టులో తయారైన చెంచా దగ్గర్నుంచి పళ్ళెం దాకా ప్రతిదాని అడుగునా గోరంత పిట్ట ముద్ర ఉంటుంది. అదీ కుడివైపుకే చూస్తుంది. ఉక్కు అచ్చుని వెండి మీద నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే పిట్ట దిగుతుంది. రెండో దెబ్బ వేస్తే రెండు తలల పిట్ట అవుతుంది కాబట్టి ఆ పని మామగారు ఇంకొకరికి ఇవ్వరు.

కొట్టుకి ఎనభై ఏళ్ళు నిండుతున్నాయని మామగారు ఒక ప్రకటన వేయించారు. మా ముద్ర ఉన్న పాత వస్తువులు తెచ్చి చూపించండి, అన్నిటికన్నా పాతదాన్ని అద్దాల బీరువాలో మీ పేరుతో పెడతాం అని. అడుగున చీమల బారు లాంటి అక్షరాలతో ఇంకో మాట కూడా ఉంది: నకిలీ ముద్ర అని తేలినవి కొట్టు ఆనవాయితీ ప్రకారం కత్తిరించబడును.

ఆ ఆనవాయితీ ఊరికే బెదిరింపు కాదు. తమ ముద్రని దొంగిలించిన వస్తువు కొట్టులో అడుగుపెడితే దాన్ని రేకు కత్తెరతో సొంతదారు ఎదుటే కత్తిరిస్తారు. ముద్ర ఉన్న ముక్క కొట్టువాళ్ళ పెట్టెలోకి, మిగతా వెండి సొంతదారు సంచిలోకి. కత్తిరింపు శనివారం పదకొండింటికి మాత్రమే. పైగా, మురికి వెండి మీద కత్తెర పెట్టకూడదని ఒక నియమం. అంచేత చావబోయేదానికి కూడా చిన్నకోడలే స్నానం చేయించాలి.

బుధవారం పొద్దున్న కొట్టులోకి డెబ్భై ఏళ్ళావిడ ఒకరు వచ్చింది. బట్టసంచి బల్ల మీద పెట్టి, అందులోంచి వార్తాపత్రిక చుట్టిన పొట్లం తీసి, తొందర లేకుండా విప్పింది. లోపల పిల్లలకి పాలు పట్టే చిన్న వెండి గిన్నె. తోమాల్సిన పళ్ళెం కోసం కిందకి వచ్చిన చిన్నకోడలు ఆవిడని చూసి అక్కడే ఆగిపోయింది. పదహారేళ్ళలో ఆవిడని దూరం నుంచి బస్‌స్టాండులో కిటికీ వెనక చూడటమే తప్ప కొట్టు గుమ్మంలో చూడటం ఇదే మొదలు. మామగారి చిన్నాన్న కూతురు. ముప్ఫయ్యేళ్ళు బస్సు టికెట్లు అమ్మింది గనక ఈ ఇంట్లో ఆవిడ ప్రస్తావన వస్తే టికెట్టత్త అంటారు. రానంతవరకూ ఏమీ అనరు.

మామగారు గిన్నె తిరగేసి, కంటికి భూతద్దం తగిలించుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది మాది కాదండీ" అన్నారు.

సొంత చిన్నాన్న కూతుర్ని, తనకన్నా మూడు నెలలు పెద్దదాన్ని, అండీ అనడంలో ఆయన ఎంత దూరం జరిగారో కొలవాలంటే టేపు చాలదు.

"మరెవరిది?" అంది టికెట్టత్త.

"పిట్ట ఎడమకి చూస్తోంది."

"చూడనీ, దానిష్టం. నువ్వు కూడా ఇందులోనే పాలు తాగావురా. అప్పుడు ఎటు చూస్తోందని అడగలేదే?"

"నాకు గుర్తు లేదండీ."

"ఏడాదిన్నర వెధవ్వి, నీకెలా గుర్తుంటుంది? అదిగో, అంచు మీద గాట్లు. నీ పళ్ళవే."

మామగారు గాట్లు చూడలేదు. రసీదు పుస్తకం తీశారు. శనివారం పదకొండింటికి ఆనవాయితీ జరుగుతుందనీ, ఇష్టం లేకపోతే ఇప్పుడే వెనక్కి తీసుకెళ్ళిపోవచ్చనీ గోడకి చెప్పినట్టు చెప్పారు. టికెట్టత్త కలం అందుకుని సంతకం పెట్టేసింది.

"ముక్కలైతే అవనీ. నలభై ఎనిమిదేళ్ళయింది. అసలో నకిలీయో నా మొహం మీద ఒకరు చెబితే విందామని వచ్చాను."

ఆవిడ వెళ్ళిపోయాక మామగారు తోమమన్నట్టు గిన్నెని చిన్నకోడలి వైపు జరిపారు.

ఆ నలభై ఎనిమిదేళ్ళ కథ చిన్నకోడలికి ముక్కలు ముక్కలుగా తెలుసు. పెద్దతాతకి ఒక తమ్ముడుండేవాడు. ఎడమచేతివాటం మనిషి, అందరూ ఎడం తాత అనేవారు. అన్నదమ్ములు కలిసే పనిచేశారు. ఒకరోజు ఎవరో ఖాతాదారు ఒక పళ్ళెం తెచ్చి, మీ పిట్ట ఇటు తిరిగిందేమిటని అడిగాడు. అప్పుడే ఎడం తాత విడిగా కొట్టు పెట్టుకుంటానని అంటున్నాడు. ఎడమచేతి మనిషి, ఎడమకి చూసే పిట్ట. పైగా వేరుపడే ఆలోచన. ఇంతకన్నా సాక్ష్యం ఇంకేం కావాలని అందరూ అనుకున్నారు. పెద్దతాత అవునని అనలేదు, కాదనీ అనలేదు. పని ఆపి లోపలికి వెళ్ళిపోయాడట. పెద్దాయన మనసు విరిగిందని అందరూ దాన్ని తీర్పు కింద తీసుకున్నారు. ఎడం తాత పెళ్ళాంబిడ్డలతో ఇల్లు వదిలాడు. విడి కొట్టు పెట్టుకుంటే ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. నకిలీల పుస్తకం అని మామగారు ఒకటి మొదలుపెట్టారు. దాని మొదటి పేజీలో మొదటి పేరు ఎడం తాతది.

చిన్నకోడలు గిన్నెని పైకి తీసుకెళ్ళి వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుంది. గిన్నె చుట్టూ సన్నటి తీగ చెక్కి ఉంది. ఆకులన్నీ ఒకే చెయ్యి, ఒక్క గీతా తడబడలేదు. రెండుసార్లు తోమేసరికి వెండి తెల్లగా నవ్వింది. ఆమెని అక్కడే మొదటి అనుమానం పురుగులా తొలిచింది. మంచి వెండి ఇది. కొట్టులోదానికి ఏ మాత్రం తీసిపోదు. భోజనాల దగ్గర మామగారిని అడిగింది, నకిలీ చేసేవాడు మంచి వెండి ఎందుకు వాడాడని.

"మా చిన్నాన్నకి చెడ్డ వెండి ఎక్కడ దొరుకుతుందమ్మా? మన కొట్టులో ఉన్నదంతా మంచిదే కదా" అన్నారు ఆయన.

జవాబు బాగానే ఉందని ఆమె ఒప్పుకోవలసి వచ్చింది. కానీ బాగున్న జవాబులు విన్నప్పుడే ఆమెకి అనుమానం ఎక్కువ.

శనివారం వచ్చేవాళ్ళకి పెట్టడానికి బిస్కెట్లు కూడా తనే చెయ్యాలి. ఆ సాయంత్రం కొంచెం పిండి కలిపి చూసుకుంటోంది. గిన్నె అడుగున పిట్ట గీతల్లో తోమిన పొడి ఇరుక్కుపోయి తెల్లగా కనిపిస్తోంది. పుల్లతో గీకితే గీత పడుతుంది. ఇలాంటప్పుడు ఆమెకో చిట్కా ఉంది. గోళీకాయంత పిండిముద్ద తీసుకుని ముద్ర మీద ఒత్తి లాగితే పొడంతా దానికి అంటుకుని వచ్చేస్తుంది. ఒత్తింది. లాగింది. పిండిముద్దని పారేయబోతూ దాని వంక చూసింది.

పిండి మీద పిట్ట కుడివైపుకి చూస్తోంది. తోక కాస్త పైకెత్తి, అచ్చం బోర్డు మీది పిట్ట.

చిన్నకోడలు స్టవ్వు ఆపేసింది. వంటింట్లో ఆమె స్టవ్వు ఆపి ఆలోచించడం అరుదు, సాధారణంగా రెండూ ఒకేసారి జరుగుతాయి.

పిండి మీద పడ్డది ముద్రకి తిరగేసిన రూపం. అంటే ఆ ముద్ర వేసిన ఉక్కు అచ్చు చూడ్డానికి ఇలాగే ఉండి ఉంటుంది, కుడికి చూస్తూ. అచ్చు చెక్కిన మనిషి బోర్డు మీది పిట్టని ఎదురుగా పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు, ఎంతో శ్రద్ధగా చెక్కాడు. కొట్టి చూస్తే తిరగబడింది. అచ్చు మీద బొమ్మ తిరగేసి ఉండాలన్న సంగతి అతనికి తట్టలేదు.

ఈ తప్పు ఆమెకి బాగా పరిచయం. కాలేజీ హాస్టల్లో ఉండగా రబ్బరు ముక్క మీద కాలేజీ పేరు చెక్కి అరడజను దిండు గలీబుల మీద రంగు అద్దింది. ఆ గలీబులు ఇప్పటికీ ఉన్నాయి. అద్దంలో చూస్తే చక్కగా చదువుకోవచ్చు.

భర్త పనిశాల నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే పిండిముద్ద చూపించింది. అతను చూశాడు, విన్నాడు, తువ్వాలు అందుకున్నాడు. నాన్న దగ్గర ఈ మాట ఇప్పుడు ఎత్తొద్దనీ, శనివారం ఆయన చేతిలో కత్తెర ఉంటుందనీ అన్నాడు. కత్తెర ఉంటుందనే కదా తొందర అంది ఆమె.

గురువారం పొద్దున్న కూరలకని బయల్దేరి బస్‌స్టాండు వెనక సందులోకి తిరిగింది. టికెట్టత్త ఇల్లు రెండో అంతస్తులో రెండు గదులు. కిటికీ తెరిస్తే బస్సులు కనబడతాయి, మూసినా వినబడతాయి. ఆవిడ తలుపు తీసి, ఎగాదిగా చూసి, కత్తిరించే ముందు నన్ను కూడా తోమాలని వచ్చావా అంది. చిన్నకోడలు నవ్వి, తోమడం అయిపోయింది అత్తయ్యగారూ, ఒక మాట అడగడానికి వచ్చానని చెప్పింది. ఎడం తాత కొట్టులో ఏం పని చేసేవాడు?

ఆవిడ జవాబు చెప్పకుండా మంచం కింద నుంచి రేకు డబ్బా ఒకటి లాగింది. అందులో అరచేతిలో సగం ఉండే రాగి రేకులు, కట్టలు కట్టలు. రేకు నిండా అక్షరాలు, పువ్వులు, జంతువులు. ఒక్క అక్షరమూ చదవడానికి రాలేదు. చిన్నకోడలు గోడ మీది అద్దం దగ్గరికి వెళ్ళి రేకుని ఎదురుగా పట్టుకుంది. అక్షరాలన్నీ సర్దుకుని నిలబడ్డాయి.

"మా నాన్న అచ్చులు చెక్కేవాడు. ఉంగరం ముద్రలూ ఆయనవే. పన్నెండో ఏట నుంచి అదే పని. తిరగేసి రాయడం ఎంత అలవాటైపోయిందంటే, నా స్కూలు కాగితం మీద సంతకం కూడా అలాగే పెట్టాడు. నేనే పెట్టుకున్నాననుకుని మాస్టారు రెండు రోజులు నన్ను బయట నిలబెట్టారు."

"పెద్దతాతగారు అచ్చులు చెక్కేవారా?"

"పెదనాన్నా? ఆయనది సుత్తి పని. పళ్ళెం కొడితే చంద్రుడే. చెక్కడం మాత్రం సున్నా."

చిన్నకోడలు రేకుని జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది. ఆ ఇంట్లో ఆ తప్పు చెయ్యడం చేతగాని మనిషి ఒక్కడే ఉన్నాడు. తప్పు చేశాడని వెళ్ళగొట్టింది అతన్నే.

ఈ మాట పైకి అనలేదు. రుజువు లేకుండా ఆశ పెట్టడం కత్తెర కంటే మోటు పని. మీ నాన్నగారు తన తరఫున ఏమీ చెప్పుకోలేదా అని మాత్రం అడిగింది. టికెట్టత్త కిటికీలోంచి ఏదో బస్సుని పంపించేసినట్టు చూసింది.

"పోయే ముందు ఒక్కటే అన్నాడు. 'అన్నయ్య తప్పు అన్నయ్యే చెప్పాలి' అని. ఏం తప్పు నాన్నా అంటే చెవుడొచ్చినట్టు నటించాడు. ఆయన చెవులకేం కాలేదు, నాకు తెలుసు."

అక్కడి నుంచి చిన్నకోడలు ఇంటికి వెళ్ళలేదు. ఆమె సంచిలో కొట్టు పేరు అచ్చేసిన తెల్లకాగితం ఒకటి ఉంది. పై మూల కొట్టు పిట్ట, కింద ఆ రోజు కొనాల్సిన కూరల జాబితా. ఆ జాబితాని చించి పక్కన పెట్టి, మిగిలిన భాగం మీద అర్జీ రాసింది. వెండి మీద స్వచ్ఛత పరీక్షించి గుర్తులు వేసే ముద్రల ఆఫీసుకి ప్రతి కొట్టూ మొదట్లోనే తన అచ్చుని తీసుకెళ్ళి, అక్కడి రాగి పలక మీద ఒకసారి కొట్టి చూపించాలి. ఆ పలకే ఆ కొట్టుకి జన్మపత్రం. ఆ రోజుల్లో చిన్న చిన్న గిన్నెలకి ఆఫీసు గుర్తు అక్కర్లేదు గనక గిన్నె మీద పిట్ట తప్ప ఇంకేమీ లేదు. కానీ పలక మీద పిట్ట ఉండాలి కదా? అది ఎటు చూస్తోంది?

ఆఫీసు నేలమాళిగలో పాత పలకలకి కాపలా ఒక సన్నటావిడ, మెడలో తాడుకి వేలాడే భూతద్దంతో. అర్జీ చదివి, చించిన అంచు వంక చూసి, మీ కొట్టువాళ్ళు కాగితం బాగా పొదుపు చేస్తారే అంది. ఆమె వెంట ఇనప బీరువాల మధ్య నడుస్తుంటే చిన్నకోడలికి పరీక్ష ఫలితాల రోజు గుర్తొచ్చింది. పలకలు దుప్పటి అంత పెద్దవి. అడ్డగీతలు, గీతకో కొట్టు. నెమళ్ళు, తాళంచెవులు, చేపలు, నక్షత్రాలు. సగం పైగా కొట్లు ఇప్పుడు లేవు. ఒక చేప పక్కన 'మూసివేయబడినది' అని, ఒక నక్షత్రం పక్కన 'అల్లుడి పేరిట మార్చబడినది' అని ఉంది. వాళ్ళ తగాదాలేమిటో కూడా అడగాలనిపించింది కానీ శనివారం ముంచుకొస్తోంది.

పదిహేడో గీతలో పిట్ట కనబడింది. ఎడమకి చూస్తోంది. పక్కన పెద్దతాత సంతకం, కొట్టు తెరిచిన తేదీ.

దాని మీద సన్నటి అడ్డగీత. కింద, ఎనిమిది నెలల తర్వాతి తేదీతో ఇంకో పిట్ట, కుడికి చూస్తూ. దాని పక్కన గుమాస్తా దస్తూరి: పాత అచ్చు దరఖాస్తుదారు స్వహస్తములతో చెక్కగా బొమ్మ తిరగబడినందున మార్చడమైనది. కొత్త అచ్చు చెక్కినది దరఖాస్తుదారు తమ్ముడు.

"ఎనభై ఏళ్ళలో ఈ పలక చూడ్డానికి మీ కొట్టు తరఫున వచ్చింది మీరే మొదలు" అంది భూతద్దం ఆవిడ. నకిలీదని తేల్చేముందు కూడా ఎవరూ రాలేదా అని చిన్నకోడలు అడిగింది. నమ్మకం ఉన్నవాళ్ళు ఇన్ని మెట్లు దిగి రారమ్మా అంది ఆవిడ, నకలు తీసి ఆఫీసు ముద్ర కొడుతూ.

కూరలు లేకుండా ఇంటికి చేరిన చిన్నకోడలికి ఇంకో సమస్య మిగిలింది. నకలు మామగారి ముందు పెడితే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. ఆయనతో పదహారేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు అనుకోరు. కాగితం చూపిస్తే గుమాస్తాది పొరపాటంటారు. పలక చూపిస్తే ఆఫీసుది పొరపాటంటారు. నాన్నగారు తప్పు చేశారనే మాట ఆయన చెవిలోకి దూరే మార్గం లేదు. కొలిమి దగ్గర పెరిగిన మనిషి, చెప్పిందీ చదివిందీ నమ్మడు. తన చేత్తో చేసింది మాత్రం నమ్ముతాడు.

శుక్రవారం పొద్దున్న ఆమె లావుపాటి బంగాళాదుంపని సగానికి కోసి, పళ్ళెంలో పెట్టి, నగిషీ ఉలితో సహా మామగారి ముందుకి తెచ్చింది. రేపటి బిస్కెట్ల మీద మన పిట్ట ముద్ర ఉంటే బాగుంటుందని ఆలోచన వచ్చిందనీ, తను ప్రయత్నిస్తే కోడిపెట్టలా వచ్చిందనీ, మీ చెయ్యి పడితే తప్ప లాభం లేదనీ విన్నవించుకుంది. మామగారు దుంపని అటూ ఇటూ తిప్పి, ఇదా పని అన్నట్టు మొహం పెట్టారు. లోపల సంబరపడ్డారు. ఆయన సుత్తి పట్టుకున్న మనిషే గాని ఉలి పట్టుకున్నది తక్కువ. అచ్చులన్నీ బయట చెక్కేవాళ్ళ దగ్గర చేయించడమే. వాటిని ఎన్ని వేలసార్లు కొట్టారో గాని, మొహం తిప్పి చూసింది లేదు. కుర్చీ వీధిలోకి వేయించుకుని, బోర్డు వంక చూస్తూ, పావుగంట సేపు ఈక ఈకా చెక్కారు. తోక దగ్గర నాలుక కూడా బయటపెట్టారు. పని ముగించి, ఉలి తుడిచి, పిట్ట అంటే ఇలా ఉండాలమ్మా అని అందించి కొట్టులోకి వెళ్ళిపోయారు.

దుంప మీద పిట్ట కుడివైపుకి చూస్తోంది.

చిన్నకోడలు దాన్ని తడిగుడ్డలో చుట్టి పెట్టింది. ఆయన్ని ఇలా ఇరికిస్తున్నందుకు కాస్త పాపం అనిపించింది. అంచు మీద పాలపళ్ళ గాట్లు ఉన్న గిన్నెని ఇంకోసారి చూసుకుంది. పాపం తగ్గింది.

శనివారం పదకొండింటికి కొట్టులో ఏడెనిమిది మంది చేరారు. పాత వస్తువులు తెచ్చిన ఖాతాదార్లు ముగ్గురు, వాళ్ళ తాలూకు మనుషులు. టికెట్టత్త ఒక పక్కగా కుర్చీలో, సంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. బల్ల మీద ఎర్రగుడ్డ, గుడ్డ మీద తళతళలాడే గిన్నె. పక్కన నకిలీల పుస్తకం, ముక్కల పెట్టె. మామగారు ఆనవాయితీ గురించి నాలుగు మాటలు చెప్పి రేకు కత్తెర చేతిలోకి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే చిన్నకోడలు రెండు పళ్ళేల బిస్కెట్లతో మెట్లు దిగింది.

ఇప్పుడా అన్నట్టు మామగారు చూశారు. అతిథులు ఆకలితో చూడకూడదు కదండీ అన్నట్టు ఆమె మొహం పెట్టి, మొదటి పళ్ళెం టికెట్టత్త ముందు పట్టింది. ఆవిడ ఒక బిస్కెట్టు తీసుకుని, కళ్ళజోడు సవరించుకుంది. తిరగేసింది. మళ్ళీ తిరగేసింది.

"ఏరా, వీటిని కూడా కత్తిరిస్తావా? ఇవన్నీ ఎడమకే చూస్తున్నాయి."

మామగారు కత్తెరతోనే వచ్చి పళ్ళెంలోకి వంగారు. నలభై పిట్టలు. నలభై తోకలూ కాస్త పైకి లేచి ఉన్నాయి. నలభై మొహాలూ ఎడమకి తిరిగి ఉన్నాయి.

"ఎవరు చేశారివి?" అన్నారు.

"నేనే మామగారూ. అచ్చు మాత్రం మీరు చెక్కిందే."

ఆమె తడిగుడ్డ విప్పి దుంపని ఎర్రగుడ్డ మీద, గిన్నె పక్కన పెట్టింది. మామగారు దుంప మీది పిట్టని చూశారు. బోర్డు వంక చూశారు. బిస్కెట్టు వంక చూశారు. మళ్ళీ దుంప దగ్గరికి వచ్చారు. కొలిమిలో ఇనుము రంగు మారినట్టు ఆయన మొహం మెల్లగా మారింది.

"చూసి చూసినట్టే చెక్కానే..."

"అవును మామగారూ. మొదటిసారి చెక్కే ఎవరైనా అలాగే చెక్కుతారు. రోజూ చెక్కేవాళ్ళు మాత్రం చెక్కరు."

అప్పుడు నకలు తీసి ఇచ్చింది. ఆయన నిలబడే చదివారు. దరఖాస్తుదారు స్వహస్తములతో అన్న చోట వేలు ఆగింది. తమ్ముడు అన్న చోట ఇంకా ఎక్కువసేపు ఆగింది. గుమాస్తాది పొరపాటు అనలేదు. దుంప ఎదురుగా ఉండగా అనడానికి వీల్లేదు.

ముక్కల పెట్టె మూత తీసి బల్ల మీద వంపారు. తొమ్మిది ముక్కలు. తొమ్మిదింటి మీదా ఎడమకి చూసే పిట్టే. మొదటి ఎనిమిది నెలల్లో తయారైన సరుకు. కొట్టు అంతటిలోకీ పాతవి. ఎవరైనా తెస్తే అద్దాల బీరువాలో పెడదామని ప్రకటన వేయించింది ఇలాంటివాటికోసమే.

"నాలుగు నాన్నగారు ఉండగానే కత్తిరించాను" అన్నారు మామగారు ఎవరితోనో. "పక్కనే కూర్చునేవారు."

"ఏమనేవాడు?" అంది టికెట్టత్త.

"చెయ్యి వణక్కూడదనేవారు."

ఒక ఖాతాదారు నోట్లో పెట్టుకున్న బిస్కెట్టుని నమలాలా వద్దా అని ఆలోచిస్తూ బుగ్గన ఉంచుకున్నాడు.

మామగారు కత్తెర కింద పెట్టారు. గిన్నె రెండు చేతులతో ఎత్తి, అంచు వెలుతురుకి పట్టుకుని, బొటనవేలితో గాట్లు తడిమారు. తర్వాత ఖాతాదార్ల వైపు తిరిగారు. ప్రకటనలు చదివే గొంతు కాదది.

"ఇది మాదే. మా నాన్నగారు చెక్కిన మొదటి అచ్చుతో వేసిన ముద్ర. ఆయన తప్పుగా చెక్కారు. సరిదిద్దింది మా చిన్నాన్న. దొంగ అన్న ముద్రా ఆయనకే వేశాం." ఆగి, కుర్చీ వైపు చూసి అన్నారు. "నీకేం కావాలక్కా? అడుగు."

అండీ పోయింది. చిన్నకోడలు పళ్ళెం సర్దుతున్నట్టు తల దించుకుంది.

టికెట్టత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అన్నయ్యే చెప్పాలని వాళ్ళ నాన్న అన్న మాట చివరికి వినబడింది కాబోలు, చెప్పాల్సిన మనిషి నోట కాకపోయినా అతని కొడుకు నోట. సంచి పక్కన పెట్టి లేచింది.

"గిన్నె నీ బీరువాలో పెట్టుకో, పెడతానన్నావుగా. నాకు ఆ పుస్తకంలో మొదటి పేజీ ఇయ్యి."

మామగారు నకిలీల పుస్తకం తెరిచారు. వేరే ఏమీ తోచక చేతికి దగ్గరగా ఉన్న రేకు కత్తెరే అందుకుని పేజీ మొదట్లో పెట్టి నొక్కారు. కాగితం తెగలేదు. దవడల మధ్య ముడుచుకుని నలిగింది. ఇంకోసారి నొక్కారు, ఇంకాస్త నలిగింది.

"రేకు కత్తెరతో కాగితం తెగుతుందట్రా?" అంది టికెట్టత్త. "అచ్చు సుత్తివాడు చెక్కడం, కాగితం రేకు కత్తెరతో కొయ్యడం. మీ ఇంట్లో ఏ పనికి ఏ చెయ్యో ఎప్పటికీ తెలీదు."

ఆ నలభై ఎనిమిదేళ్ళలో ఆ కొట్టులో మామగారు నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. ఆ రోజు ఉన్నవాళ్ళు చూశారు. ఏడుపుకి కాస్త ఇటువైపు నవ్వే అది, అయినా నవ్వే.

చిన్నకోడలు అప్పటికే మెట్లెక్కుతోంది. వంటింట్లో గరిటెల సొరుగులో, పాల ప్యాకెట్లు కత్తిరించే చిన్న కత్తెర ఉంది. దాన్ని నీళ్ళ కింద పెట్టి, శుభ్రంగా తుడిచి, కిందకి పట్టుకెళ్ళింది.